లాభనష్టాలు – మెదడు లెక్క: ఒక పరిశీలన

పరీక్షలో 80 మార్కులు తప్పక వస్తాయని నమ్ముకున్న విద్యార్థికి 60 వచ్చినవి. అదే తరగతిలో 40 వస్తే చాలుననుకున్న మరొకనికి కూడా 60 వచ్చినవి. కాగితం మీద అంకె ఒక్కటే. అయినా మొదటివాడు తల వంచుకొని ఇంటికి పోతాడు. రెండవవాడు పరుగెత్తుకొని పోతాడు. ఈ తేడాకు కారణం మెదడు వేసే లెక్కలోనే ఉన్నదని చెప్పిన రచనలలో మిక్కిలి పేరు పొందిన వ్యాసం 1997 మార్చిలో 'సైన్స్' పత్రికలో వెలువడింది. దాని కర్తలు ముగ్గురు. వుల్ఫ్రామ్ షుల్ట్స్ స్విట్జర్లాండులోని ఫ్రిబూర్ విశ్వవిద్యాలయంలో కోతుల మెదడును ఏళ్ల తరబడి పరిశీలించినవాడు. పీటర్ డయాన్, రీడ్ మాంటేగ్ గణితమార్గాన మెదడును అర్థం చేసుకోబూనినవారు. ఏడు పుటల ఆ వ్యాసం ఒక శాస్త్రశాఖనే మలుపు తిప్పింది. 2017లో షుల్ట్స్, డయాన్‌లకు రే డోలన్‌తో కలిపి బ్రెయిన్ ప్రైజు లభించింది.

పేరుతోపాటు ఆ వ్యాసానికి కొన్ని అపార్థాలు కూడా అంటుకున్నవి. అందులో ఏమున్నది, ఏమి లేదు, లేనిది ఉన్నట్లుగా ఎలా ప్రచారమవుతున్నది అన్నది ఉపాధ్యాయులకు ముఖ్యం. ఎందుచేతనంటే ఆ ప్రచారం ఇప్పుడు తరగతిగది గుమ్మం దాకా వచ్చింది.

ముందుగా ప్రయోగం. మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నవి. వాటిలో డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసి వెదజల్లేవి బహుకొద్ది. మధ్యమెదడులో ఉన్నవి కొన్ని లక్షలు మాత్రమే. కోతిలోని అట్టి కణాల దగ్గరకు సన్నని తీగను పంపి, ఒక్కొక్క కణం ఎప్పుడెప్పుడు విద్యుత్స్పందన చూపుతున్నదో షుల్ట్స్ బృందం నమోదు చేసింది. కోతి నోటిలో అనుకోకుండా ఒక చుక్క పండ్లరసం పడినప్పుడు కణం జోరుగా స్పందించింది. తరువాత ప్రతిసారీ రసానికి ముందు ఒక సంకేతం ఇవ్వసాగారు. కొంత అభ్యాసం కాగానే ఆ జోరు రసం దగ్గర మాయమై సంకేతం దగ్గర కనిపించింది. రసం యథాప్రకారం వచ్చినా కణం పట్టించుకోలేదు. ఇక మూడవ ఘట్టంలో సంకేతం ఇచ్చి రసం ఇవ్వలేదు. రసం రావలసిన సరిగ్గా ఆ క్షణాన కణం మామూలుగా చూపే కొద్దిపాటి స్పందన కూడా ఆగిపోయింది.

వ్యాసంలోని ఒక పటంలో ఈ మూడు ఘట్టాలు మూడు వరుసల చుక్కలుగా ఉంటాయి. వాటిలో మూడవ వరుస అసలైనది. అక్కడ బయట ఏమీ జరగలేదు. వెలుతురు లేదు, చప్పుడు లేదు, రుచి లేదు. జరుగుతుందనుకున్నది జరగకపోవడమే అక్కడి సంఘటన. దానికి కణం జవాబు చెప్పవలెనంటే మెదడులో ఎక్కడో ఏమి రావలెను, ఎప్పుడు రావలెను అనే లెక్క ముందే సిద్ధంగా ఉండి తీరాలి. వచ్చినదానిలోనుంచి రావలసినదాన్ని తీసివేయగా మిగిలినదే ఈ కణం పంపే వార్త అని ముగ్గురూ వాదించారు. మిగులు ధనమైతే జోరు, సున్న అయితే మామూలు, ఋణమైతే మౌనం.

ఈ తీసివేత వారు కొత్తగా కల్పించినది కాదు. 1960ల చివర లియాన్ కామిన్ ఎలుకలకు ఒక చప్పుడు తరువాత విద్యుదాఘాతం తగులుతుందని నేర్పి, పిమ్మట ఆ చప్పుడుతోపాటు ఒక దీపాన్ని కూడా చూపి అదే ఆఘాతం ఇచ్చాడు. ఎలుకలు దీపాన్ని గురించి దాదాపు ఏమీ నేర్చుకోలేదు. ఆఘాతం వస్తుందని చప్పుడే చెబుతున్నది కనుక ఆశ్చర్యపడవలసినది మిగలలేదు. ఆశ్చర్యం లేనిచోట నేర్పూ లేదు. 1972లో రెస్కోర్లా, వాగ్నర్ దీన్ని ఒక చిన్న సమీకరణంగా వ్రాశారు. 1988లో రిచర్డ్ సటన్ యంత్రాలకు నేర్పే విద్యలో దానిని క్షణక్షణానికీ వర్తించేటట్లు విస్తరించాడు. కాగితం మీది ఈ సూత్రానికీ కోతి మెదడులోని కణానికీ పొంతన కుదిర్చి చూపడమే 1997 వ్యాసం సాధించిన ఘనకార్యం. నాడీశాస్త్రంలో సిద్ధాంతమూ ప్రయోగమూ ఇంత చక్కగా కలసిన సందర్భాలు అరుదు.

ఇక వ్యాసంలో లేనిది. డోపమిన్ ఆనందరసాయనం అనే మాట పత్రికలలోను, ప్రసంగాలలోను తరచు వినవస్తున్నది. దీని మూలం ఇంకా పాతది. 1954లో ఓల్డ్స్, మిల్నర్ అనే వారు మెదడులో కొన్నిచోట్ల విద్యుత్ప్రేరణ దొరికితే ఎలుకలు మీటను పదే పదే నొక్కుతాయని కనుగొన్నారు. దానినుంచి సుఖకేంద్రం అనే ఊహ పుట్టింది. కాని కెంట్ బెరిడ్జ్, టెరీ రాబిన్సన్ అమెరికాలో చేసిన ప్రయోగాలలో డోపమిన్ దాదాపు పూర్తిగా నశించిన ఎలుకలు కూడా తీపి తగలగానే పెదవులు చప్పరించినవి. ఇష్టపడటం వేరు, కోరి వెంటపడటం వేరు అని వారు నిర్ధారించారు. అంత దూరం పోనక్కరలేకుండా 1997 నాటి రెండవ వరుసను చూసినా చాలు. అభ్యాసమైన కోతి రసం తాగుతూనే ఉన్నది. కణం మాత్రం ఊరుకున్నది.

విద్యార్థులకు తరచు బహుమతులిస్తే డోపమిన్ పొంగి చదువు వంటబడుతుందని చెప్పేవారు ఈ రెండవ వరుసను దాటవేసినవారే. ప్రతి శనివారం ఇచ్చే మిఠాయి నాలుగు వారాలలో రావలసిన మిఠాయి అవుతుంది. ఆ పైన అది వచ్చినందువల్ల వార్త లేదు, రాకపోతే మాత్రం ఉన్నది! పోనీ, ఎప్పుడిస్తామో తెలియకుండా ఇద్దామంటే అది జూదపు యంత్రం పద్ధతి. ఇటువంటి సలహాకు కోతి ప్రయోగం సాక్ష్యం పలకదు.

ప్రచారకుల తప్పు అటుంచి, వ్యాసానికే చెందిన బలహీనత ఒకటి ఉన్నది. అది నష్టం దగ్గర కనిపిస్తుంది. సమీకరణంలో ధనఋణాలు సరిసమానం, కణంలో కావు. ఈ కణాలు తీరికగా ఉన్నప్పుడు సెకనుకు నాలుగైదు సార్లు మాత్రమే స్పందిస్తాయి. పైకి పోవడానికి చాలా చోటున్నది. కిందికి దిగితే సున్న దగ్గర నేల తగులుతుంది. చిన్న నిరాశకూ పెద్ద నష్టానికీ భేదం ఇంత ఇరుకులో ఎలా తెలుస్తుంది? 2005లో బేయర్, గ్లిమ్చర్ కొలిచి చూడగా లాభం వైపు లెక్క చక్కగా సరిపోయింది, నష్టం వైపు కుదరలేదు. రెండేళ్ల తరువాత అదే బృందం మౌనం ఎంతసేపు సాగినదో చూస్తే నష్టం పరిమాణం తెలుస్తున్నదని సవరణ తెచ్చింది. సవరణ తెలివైనదే గాని అది సూత్రంలోనుంచి పుట్టినది కాదు, సూత్రాన్ని నిలపడానికి చేర్చినది.

మరొక చిక్కు. షుల్ట్స్ 1996లో మిరెనోవిచ్‌తో కలసి వెలువరించిన వ్యాసమే, బాధ కలిగించే వాటికి ఈ కణాలలో స్పందించేవి బహు తక్కువ అని చెప్పింది. కామిన్ సూత్రం ఆఘాతంలో పుట్టినదని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. భయంలో పుట్టిన సూత్రానికి సాక్ష్యం పండ్లరసంలో దొరికింది. భయం సంగతి మిగిలిపోయింది. 2007లో మత్సుమోతో, హికోసాకా బఠాణీగింజ కంటె చిన్నదైన హాబెన్యులా అనే భాగంలో దీనికి తలకిందులైన కణాలను చూపారు. రసం రానప్పుడు అవి జోరుగా స్పందించి డోపమిన్ కణాలను అణచుతున్నవి. అంటే నష్టానికి వేరొక చోట లెక్క ఉన్నదన్నమాట. ఆ ఇద్దరే 2009లో, కోతి ముఖం మీద గాలి ఊదితే కొన్ని డోపమిన్ కణాలు కూడా జోరందుకుంటాయని తెలిపారు. అన్ని కణాలూ ఒకే వార్త పంపుతాయన్న తొలి ఊహ ఇక్కడ సడలింది.

మానవుల విషయం? అదే 2009లో కరీమ్ జఘ్లూల్ బృందం, పార్కిన్సన్ వ్యాధికి శస్త్రచికిత్స జరుగుతూ మెలకువగా ఉన్న పదిమంది రోగుల చేత పేకముక్కల ఆట ఆడించి, ఆ మధ్యమెదడు కణాలనే విన్నది. అనుకోని గెలుపుకు స్పందన ఎక్కువ, అనుకోని ఓటమికి తక్కువ. ముందే ఊహించిన వాటికి భేదం లేదు. కోతిలోని లెక్క మనిషిలోనూ ఉన్నదనడానికి ఇది గట్టి ఆధారం. అయితే ఆ కణాలే నశిస్తున్న వ్యాధిగ్రస్తులలో విన్న మాట ఇది అని మరువరాదు.

ఆరోగ్యవంతుల మీద 2006లో పెస్సిలియోన్ బృందం లండన్‌లో చేసిన పరీక్ష ఇంకా సూటిగా ఉన్నది. కొందరికి డోపమిన్‌ను పెంచే మందు, కొందరికి దాని పనిని అడ్డే మందు ఇచ్చి గుర్తులలో ఒకటి ఎంచుకోమన్నారు. మొదటివారు పౌను గెలిపించే గుర్తులను ఎక్కువగా ఎంచుకోగలిగారు. పౌను పోగొట్టే గుర్తులను తప్పించుకోవడంలో మాత్రం ఇరువర్గాలకూ భేదం కనిపించలేదు. దీనికి రెండేళ్ల ముందు మైకేల్ ఫ్రాంక్ పార్కిన్సన్ రోగులలో చూసినది వేరు. మందు మానినప్పుడు వారు తప్పులనుండి బాగా నేర్చుకొన్నారు. మందు పుచ్చుకొన్నప్పుడు ఒప్పులనుండి. లాభం విషయంలో రెండు పరీక్షలూ ఏకమే, నష్టం విషయంలో కావు. రోగులకూ ఆరోగ్యవంతులకూ తేడా ఉండవచ్చును, మందు మోతాదుల తేడా ఉండవచ్చును.

ఈ వివాదం ప్రయోగశాలలోనే ఆగిపోయేది కాదు. 2005లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు, డోపమిన్ లాగా పనిచేసే మందులు వాడుతూ జూదానికి బానిసలైన 11 మంది పార్కిన్సన్ రోగులను గురించి ప్రకటించారు. మందు తగ్గించో మానిపించో చూసినవారిలో జూదం ఆగిపోయింది. ఫ్రాంక్ వివరణ ప్రకారం, డబ్బు పోయినప్పుడు రోగి మెదడులోని కణం ఊరుకుంటుంది. కాని ఆ ఖాళీని మందు నింపివేస్తుంది కనుక పోయిందన్న వార్త చేరవలసిన చోటికి చేరదు. పెస్సిలియోన్ ఫలితం సరియైనదైతే నష్టం వార్త వేరొక దారిన చేరుతూనే ఉండాలి. గెలుపు పిలుపు మితిమీరి వినబడటమే జబ్బు కావాలి.