తొలి ముద్రణ ఎవరికోసం? - కెల్మ్‌స్కాట్ పుస్తకాలు

విలియం మారిస్ 1891లో లండన్‌లోని హామర్‌స్మిత్‌లో కెల్మ్‌స్కాట్ ప్రెస్ పెట్టాడు. ఆయన సోషలిస్టు, ఆ పుస్తకాలు కొనగలిగినవాళ్లు సంపన్నులు. ఈ వైరుధ్యం గురించి చర్చ చాలా జరిగింది. నేను పరిశీలించదలచింది దాని పక్కనే ఉన్న ప్రశ్న: ఆ పుస్తకాల్లో తొలి ముద్రణను గుర్తించడం ఎలా? గుర్తిస్తే సాహిత్య విద్యార్థికి ఒరిగేదేమిటి?

గుర్తించడం కష్టం కాదు. ముందు చివరి పుటలు చూడాలి. మన కావ్యాల్లో ఆశ్వాసాంత గద్య కవి వివరాలు చెప్పినట్టే, అక్కడి ముగింపు వాక్యాలు అచ్చువేసిందెవరో, ఎక్కడో, ఏ తేదీన పూర్తయిందో చెబుతాయి. తర్వాత, ప్రెస్ కార్యదర్శి సిడ్నీ కాకరెల్ తయారుచేసిన పట్టిక చూడాలి. 1898లో వెలువడిన ప్రెస్ చివరి పుస్తకంలో అది ఉంది. ప్రతుల సంఖ్య, తేదీ, వెల అందులో దొరుకుతాయి.

ఒక ఉదాహరణ. 'ద స్టోరీ ఆఫ్ ద గ్లిట్టరింగ్ ప్లెయిన్'ను ఈ ప్రెస్ రెండుసార్లు అచ్చువేసింది. 1891 ముద్రణలో బొమ్మలు లేవు. కాగితంపై 200, చర్మంపై 6 ప్రతులు. 1894 ముద్రణ సైజు పెద్దది. వాల్టర్ క్రేన్ గీసిన 23 బొమ్మలున్నాయి. కంటికి ఇంపైనది రెండోది. పుస్తకరూపంలో తొలిది మాత్రం బొమ్మలు లేనిదే.

అసలు చిక్కు 'న్యూస్ ఫ్రమ్ నోవేర్'తో వస్తుంది. కెల్మ్‌స్కాట్ ప్రతిపై 1892 అని ఉంటుంది, విడుదలైంది 1893లో. కాగితంపై 300 ప్రతులు, వెల రెండు గినీలు. అందమైన పుస్తకం. కాని అది తొలి ముద్రణ కాదు. 1891లో రీవ్స్ అండ్ టర్నర్ సంస్థ లండన్‌లో దాన్ని అట్ట లేకుండా ఒక షిల్లింగుకే అమ్మింది. అంతకుముందే, 1890లో, అమెరికాలోని బోస్టన్‌లో ఒక ముద్రణ వచ్చింది. వీటన్నిటికీ ముందు, 1890 జనవరి నుంచి అక్టోబరు దాకా సోషలిస్ట్ లీగ్ పత్రిక 'కామన్‌వీల్' వారంవారం దాన్ని ప్రచురించింది. ఆ పత్రిక వెల ఒక పెన్నీ.

రెండు గినీలంటే నలభైరెండు షిల్లింగులు. వెల పెరిగేకొద్దీ పాఠకులు మారారు. అంతకన్నా ముఖ్యం, పాఠం కూడా మారింది. పత్రికలో ఇరవయ్యో శతాబ్దపు తొలి భాగంలోనే ఊహించిన తిరుగుబాటును మారిస్ 1891 పుస్తకంలో 1952కు జరిపాడు. ఈ రెంటికీ మధ్య, 1890 నవంబరులో, ఆయన సోషలిస్ట్ లీగ్‌ను విడిచిపెట్టాడు. సమీపంలోనే ఉందనుకున్న మార్పు ఆయన దృష్టిలో దూరం జరిగిందని నేను భావిస్తున్నాను. పత్రిక ప్రతిని పక్కన పెట్టుకోనివారికి ఈ సంగతి తెలిసే అవకాశం లేదు. ముద్రణల పరిశీలన విమర్శకు పనికొచ్చేది ఇక్కడే.

కెల్మ్‌స్కాట్ శ్రమను చులకన చేయడం నా ఉద్దేశం కాదు. పనిచేసే చేతికి పనిలో ఆనందం ఉండాలన్న మారిస్ సిద్ధాంతానికి ఆ చేతి కాగితం, ఆ అచ్చు సాక్ష్యాలు. అయితే అరుదైన ప్రతిని తొలి ప్రతిగా పొరబడితే సరుకు విలువ చరిత్రను కప్పేస్తుంది. అంగడిలో అరుదైనదానికి ధర; విమర్శకుడికి కావలసింది రచన మొదట ఎవరిని పలకరించిందన్న సంగతి.

మన భాషలోనూ ఎన్నో కథలు, గేయాలు ముందు పత్రికల్లో వచ్చి, తర్వాతే పుస్తకాలయ్యాయి. వాటిపై వ్యాసం రాసే విద్యార్థి పుస్తకం వెనక అట్ట దగ్గరే ఆగిపోకూడదు. గ్రంథాలయంలో చివికిపోతున్న ఆ పత్రికల కట్టను విప్పాలి. రచయిత ఏ మాట కొట్టేశాడో, ఏ మాట చేర్చాడో, ఏ సంవత్సరంలో చేర్చాడో రాసుకోవాలి. ఆ తర్వాతే తీర్పు.