ప్రతినాయక స్థానము – దర్శకుని నిగ్రహము : ‘సీతారామ కల్యాణము’ చిత్రముపై ఒక పరిశీలనము

చైత్రశుద్ధ నవమినాడు కోనసీమలో ఊరూర పందిళ్ళు వెలయును. అమలాపురము మొదలుకొని రాజోలు, కొత్తపేటల వరకు ఏ వీథిలో నడచినను పానకము, వడపప్పు పంచు చేతులును, మైకునుండి వెలువడు ఒక కల్యాణపు పాటయు ఎదురగుచుండును. ఆ పాట త్యాగరాజకృతి కాదు. రామదాసు కీర్తనయు కాదు. అది 1961 జనవరిలో విడుదలయైన ‘సీతారామ కల్యాణము’ అను చలనచిత్రములోనిది. పందిరి నీడను దానిని వినువారిలో పలువు రా చిత్రమును చూచినవారు కారు. చూచినవారును దర్శకు డెవరని అడిగినచో క్షణకాలము తటపటాయింతురు. ఈ మఱపు ఆ చిత్రమునకు లోపమా, సిద్ధియా? ఈ ప్రశ్నమే ఈ వ్యాసమునకు మూలము.

దీనికి దారితీసిన సందర్భమును చెప్పుట అవసరము. కోనసీమవాడైన పరిశోధక విద్యార్థి యొకడు, నందమూరి తారక రామారావుగారు దర్శకత్వము వహించిన చిత్రములలో మా కత్యంత ప్రియమైన దేది యని ఒకనాడు మమ్మడిగెను. ‘దాన వీర శూర కర్ణ’ యని తడవు లేకుండ చెప్పితిమి. కారణము లడిగెను. కొండవీటి వేంకటకవిగారి సంభాషణల ధారను, దుర్యోధనుని వాచికమును, ఆ నడకను, ఆ చూపును వర్ణించితిమి. అతడు ఓపికతో విని, “మాస్టారూ, ఇవన్నీ కవిగారివీ, నటుడివీనండీ. డైరెక్టరుగారిది ఏదండీ?” అనెను. మాకు సమాధానము తోచలేదు. నటునిపై గల ప్రీతిని దర్శకునిపై గల గౌరవముగా ఇంతకాలము భ్రమించితి మని నాడు గ్రహించితిమి.

ఇష్టము వేఱు, గుణనిర్ణయము వేఱు. ఇష్టమునకు హేతువు చెప్పనక్కఱలేదు. విమర్శకు చెప్పక తీరదు. అయినను ఈ రెండింటిని పూర్తిగా విడదీయుట సాధ్యము కాదు, ఉచితమును కాదు. మన కేది ఇష్టమో నిజాయితీతో ఒప్పుకొని, ఆ ఇష్టము ఏ గుణముపై నిలిచినదో పరీక్షించుటయే విమర్శకుని పని. నటుడే దర్శకు డైనప్పు డా పరీక్షకు ప్రత్యేకమైన గీటురాయి యొకటి కలదు. దర్శకుడు తనలోని నటుని ఏ స్థానమున నిలిపెను? ఎంతవఱకు పోనిచ్చెను? ఎచ్చట ఆపెను? ఇతర దర్శకుల విషయమున ఈ ప్రశ్నము పుట్టదు. స్వీయదర్శకత్వమున నటించువానికి మాత్ర మిదియే మొదటి ప్రశ్నము.

రామారావుగారు (1923–1996) 1949లో ‘మన దేశము’తో చిత్రరంగమున ప్రవేశించి, సుమారు 300 చిత్రములలో నటించిరి. వారు దర్శకత్వము వహించినవి పదిహేనుకు పైగా కలవు. వానిలో ‘వరకట్నము’ (1969), ‘తల్లా? పెళ్లామా?’ (1970), ‘తాతమ్మ కల’ (1974) వంటి సాంఘికములును ఉన్నవి. కాని దర్శకునిగా వారి పేరు నిలిచినది పౌరాణికములందే. ఆ పౌరాణికముల వరుసను పరికించినచో ఒక విశేషము కానవచ్చును. 1961లో ‘సీతారామ కల్యాణము’న వారు ధరించినది ఒక్క రావణపాత్ర. 1966లో ‘శ్రీకృష్ణ పాండవీయము’న కృష్ణుడు, దుర్యోధనుడు అను రెండు పాత్రలు. 1977లో ‘దాన వీర శూర కర్ణ’లో కృష్ణ, కర్ణ, దుర్యోధన పాత్రలు మూడు. 1978లో ‘శ్రీరామ పట్టాభిషేకము’న రాముడును వారే, రావణుడును వారే. 1979లో ‘శ్రీమద్విరాట పర్వము’న ఐదు పాత్రలు. పాత్రలసంఖ్య ఇట్లు పెరుగుట కేవలము ఉత్సాహమునకు గుర్తు కాదు. దర్శకునకును నటునకును నడుమ నున్న త్రాసు ఎటు మొగ్గినదో తెల్పు గుర్తు.

ప్రతినాయకుని గూర్చి ధనంజయుడు ‘దశరూపకము’న చెప్పిన లక్షణ మిచ్చట స్మరణీయము. లోభము, ఔద్ధత్యము, మొండితనము, పాపవర్తనము, వ్యసనము ప్రతినాయక లక్షణములని అతని మతము. దానికి వ్యాఖ్య రచించిన ధనికుడు రాముని కెదురుగా రావణుని, యుధిష్ఠిరుని కెదురుగా దుర్యోధనుని ఉదాహరించెను. వేయేండ్ల క్రిందటి యా ఉదాహరణలు రెండును రామారావుగారు దర్శకునిగా మఱల మఱల ఎన్నుకొన్న పాత్రలే యగుట గమనింపదగినది. పై లక్షణమున ప్రతినాయకునకు దుఃఖ మున్నట్లు కానరాదు. భక్తి యున్నట్లును కానరాదు. భాసుడు ‘ఊరుభంగము’న దుర్యోధనునకు దుఃఖము నిచ్చెను. లాక్షణికుడు గీచిన గీతను దాటిన కవులు మనకు పూర్వమునుండియు కలరు. రామారావుగారు తొలి చిత్రమున నడచినది ఆ కవుల త్రోవయే.

రావణపాత్ర వారి కప్పటికే క్రొత్తది కాదు. 1958లో కె. శంకర్ దర్శకత్వమున ‘భూకైలాస్’లో దానిని ధరించియుండిరి. కాని 1957లో ‘మాయాబజార్’ చూచినది మొదలు ప్రజల మనస్సున వారు కృష్ణుడు. ఆ కృష్ణుని తీర్చిదిద్దిన కె.వి. రెడ్డిగారే ఈ రావణకథకు దర్శకత్వము వహింప నిరాకరించి రనియు, కృష్ణునిగా చూపినవానిని రావణునిగా చూపుటకు వారికి మనస్సొప్పలే దనియు చెప్పుకొందురు. తుదకు రామారావుగారే ఆ భారమును వహించిరి. చిత్రారంభమున దర్శకునిగా తమ పేరు మాత్రము వేసికొనలేదు.

ఇక చిత్రమునకు వత్తము. కైలాసోద్ధరణ ఘట్టమును వాల్మీకి ఉత్తరకాండమున వర్ణించెను. పర్వతము క్రింద చేతులు నలిగిన రావణుడు సామగానముతో శివుని స్తుతించెనని యచ్చట కలదు. తన ప్రేగులనే తంత్రులుగా చేసి వీణ వాయించె నన్నది వాల్మీకమున లేదు; అది జనుల నోట పెరిగిన కథ. సముద్రాల రాఘవాచార్యులుగారి రచనతో కూడిన ఈ చిత్రము ఆ జానపద కల్పననే స్వీకరించెను. ఇది సరియైన ఎన్నిక. సామగానము పాండిత్యమునకు సాక్ష్యము. ప్రేగుల వీణ సర్వసమర్పణకు సాక్ష్యము. అహంకారముతో కొండ నెత్తినవాడే తన దేహమును వాద్యముగా చేసికొనుచున్నాడు. అదే పట్టుదల యొకచోట ఔద్ధత్యము, మఱియొకచోట భక్తి. ప్రతినాయకుని దోషమును గుణమును ఒక్క వేరునుండి మొలిచినవిగా చూపుట దర్శకుని ఊహ. దానికి తగిన దృశ్యకల్పన చేసినవారు ఛాయాగ్రాహకుడు రవికాంత్ నగాయిచ్.

కనుమనాడు జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు తరలివచ్చు సీమయు, మాఘమున అంతర్వేది నృసింహుని కల్యాణమునకు జనము పోటెత్తు సీమయు కోనసీమయే. అట్టి చోట శివభక్తుని కథగా మొదలై రామకల్యాణముగా ముగియు చిత్రము నొకరు బోధింప పనిలేదు. కొన్ని తరములుగా జనులు రెండింటిని కలిపి చూచుచునే యున్నారు.

స్వయంవర ఘట్టమున రావణుడు శివధనుస్సు నెత్తబోయి భంగపడుట వాల్మీకి బాలకాండమున లేదు. సీతా స్వయంవరమునకు రావణుని రప్పించినవారు నాటకకర్తలు. జయదేవుని ‘ప్రసన్నరాఘవము’ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము. ఈ కల్పనవలన చిత్రమున కొక ఆకృతి సిద్ధించినది. కైలాసము నెత్తినవాడు ఆ కైలాసపతి విల్లు నెత్తలేకపోయెను. ఆదిని బాహుబలము, అంతమున పరాభవము. ఈ రెండు ఘట్టములను రెండు కొసలుగా నిలిపి కథను నడపుట నటుని నేర్పు కాదు. నిర్మాణ మెఱిగిన దర్శకుని నేర్పు.

అంతకంటె ముఖ్యమైన దింకొకటి. రాముని పాత్ర హరనాథ్‌ది; సీత పాత్ర గీతాంజలిది. అతడు పిఠాపురము చెంతనున్న రాపర్తివాడు. ఆమె కాకినాడ బాలిక. ఇరువురును నాటి తూర్పుగోదావరి జిల్లావారే, ఇరువురును చిత్రరంగమునకు క్రొత్తవారే. సంస్థ సొంతము, దర్శకత్వము సొంతము. అయినను కథానాయక స్థానమును క్రొత్తవాని కిచ్చి, తాము ఓడి మరలిపోవు పాత్రను గ్రహించిరి. చిత్రమునకు పేరైన ఆ కల్యాణము వారి పాత్రకు చెందినది కాదు. ఆనాటికే తెలుగునాట అగ్రశ్రేణిలో నున్న నటుడు తన చిత్రపు పతాకసన్నివేశమును ఇతరులకు విడిచెను. దర్శకత్వ మన నిది యని మా అభిప్రాయము.

దీనితో ‘దాన వీర శూర కర్ణ’ను పోల్చి చూతము. సుమారు నాలుగు గంటల నిడివి గల ఆ చిత్రము 1977 జనవరి 14న విడుదలయ్యెను. కుమారాస్త్ర విద్యాప్రదర్శన ఘట్టమున దుర్యోధనుడు కులమును గూర్చి, జన్మను గూర్చి చేయు ప్రసంగము తెలుగు సంభాషణా రచనలో ఒక శిఖరము; ఇందు సందేహము లేదు. బడిపిల్లలు నేటికిని దానిని కంఠస్థము చేసి వేదికలపై ఏకపాత్రాభినయముగా ప్రదర్శించుచున్నారు. పాండవోద్యోగ విజయముల పద్యములకు అలవాటుపడిన గోదావరి ప్రాంతపు చెవికి అది పరాయిది కాదు. పైగా ఆ ప్రసంగము లేవనెత్తిన ప్రశ్న మన ఊళ్ళలో నింకను తీరలేదు. కావున ఆ ఘట్టమును తక్కువచేయుట మా ఉద్దేశము కాదు.

కాని దర్శకుని దృష్టితో ఆ ఘట్టమునే మఱల చూడవలెను. అంగరాజ్య మిచ్చువాడును రామారావుగారే, పుచ్చుకొనువాడును రామారావుగారే. రాయబార ఘట్టమునను ఇట్లే: సంధి కోరువాడు, సంధిని కాదనువాడు ఒక్కరే. రసనిష్పత్తికి పాత్రలు ఒండొంటికి ఆలంబనములు కావలెను. ఒకని మాట ఇంకొకని ముఖమున వికారమును కలిగింపవలెను. రెండు ముఖములును ఒక్కటే యైనప్పుడు ప్రేక్షకుని చిత్తము పాత్రల నడుమ నిలువక నటుని వైదగ్ధ్యముపైకి మరలును. మైత్రి కరగించుటకు బదులు, ఇరువురిని ఒక్కడే ఎట్లు పోషించెనను అద్భుతము మనలను ఆక్రమించును. ఆ అద్భుతము గొప్పదే కాని కర్ణునిది కాదు, దుర్యోధనునిదియు కాదు. మధ్యస్థమైన ‘శ్రీకృష్ణ పాండవీయము’న ఈ చిక్కు కొంత తక్కువ, ధూళిపాళ శకుని నడుమ నిలిచి కథకు వేఱొక ఇరుసుగా పనిచేసెను.

మా మతమునకు వచ్చు ఆక్షేపణలు లేకపోలేదు. ‘సీతారామ కల్యాణము’ చూచువానికి కల్యాణముకంటె రావణుడే మిక్కిలిగా గుర్తుండును. హరనాథ్ రాముడు సౌమ్యుడే కాని, ఆ రావణుని ఎదుట పలుచనగా కనబడును. ప్రతినాయకుని ఉత్కర్ష నాయకుని ఉత్కర్షకే దోహదమని లాక్షణికులు సమాధానము చెప్పుదురు. మాకు ఆ సమాధానము పూర్తిగా తృప్తి నీయలేదు. నాయకుని స్థానము నిచ్చిన దర్శకుడు ఆ స్థానమునకు తగిన బలము నీయజాలకపోయె ననుటయే న్యాయము. 1963లో ‘లవకుశ’లో సి. పుల్లయ్య, సి.ఎస్. రావుగార్ల దర్శకత్వమున రామారావుగారే రాముడై నిలిచినప్పుడు ఆ బలము ఎట్టిదో లోకమునకు తెలిసినది. అయినను, ‘శ్రీరామ పట్టాభిషేకము’న రామరావణుల నిరువురను తామే ధరించి ఆ లోపమును పూరింప జూచినప్పుడు, కొఱతపడినది వేఱొకటి: ఎదుటివాడు. లోపమున్న ఎదుటివాడు లేని ఎదుటివానికంటె మేలు.

మొదటి ప్రశ్నమునకు మరలుదము. దుర్యోధనుని ప్రసంగము చిత్రమునుండి విడివడి వేదిక నెక్కినది. అచ్చట ఒక్కడే నిలిచి పలుకును, తక్కినవారు విందురు. కల్యాణపు పాటయు చిత్రమునుండి విడివడినది. అది పందిరి చేరినది, అచ్చట అందఱును పెండ్లివారే. ఒకటి నటుని స్మరింపజేయును. రెండవది నటుని, దర్శకుని, చిత్రమును మఱపించి సీతారాములనే మిగిల్చును. పేరు వేసికొనని దర్శకునకు తగిన ఫలమే లభించినది. ఆ మఱపు లోపము కాదు.

మా విద్యార్థి కిప్పుడు జవాబు చెప్పగలము. ‘దాన వీర శూర కర్ణ’ను మేమింకను చూతుము, ఆ సంభాషణలు విన్నప్పుడు మా ఒడలు నేటికిని పులకించును. ఆ ప్రీతిని దాచుకొనము. కాని రామారావుగారు దర్శకునిగా చేసినవానిలో ఒక్కదానిని ఎన్నుకొను మన్నచో, తామే ఓడిపోవు చిత్రమునే మే మెన్నుకొందుము.