జరీపోగు – విద్యుత్సంధి: ఒక విమర్శ

వస్త్రమునకు పోగు ఎంత ప్రధానమో అతుకును అంత ప్రధానము. అయినను పోగు నాణ్యమును కొనియాడువారు పెక్కురు. అతుకును తడవి చూచువారు కొందరే. స్మార్ట్ టెక్స్‌టైల్స్ అను పేర నేడు వ్యాప్తిలోనికి వచ్చిన విద్యుద్వస్త్రముల విషయమునను ఇట్లే జరుగుచున్నది. గుండె స్పందనమును కొలుచు చొక్కా, దీపములు వెలుగు ఉడుపు, తాకుడును గుర్తించు చేతిపట్టీ మున్నగునవి ఈ తెగకు చెందినవి. వీనిలో కొన్ని పోగులు విద్యుత్తును కొనిపోవును. ఆ పోగులు బ్యాటరీని, చిప్పును, దీపమును కలిసికొనుచోటనే వస్త్రపు ఆయువు నిర్ణయమగును.

ఈ రంగమున తొలి రచనలలో నొకటి 1997లో వెలువడినది. అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున, ధరింపదగు కంప్యూటర్లను గూర్చి జరిగిన మొదటి అంతర్జాతీయ సదస్సున, ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్‌కు చెందిన రెహ్మీ పోస్ట్, మ్యాగీ ఓర్త్ అనువారలు ఒక పత్రమును సమర్పించిరి. పడుగున సాదా పట్టుదారమును, పేకన పలుచని రాగిరేకు చుట్టిన పట్టుదారమును గల ఆర్గంజా వస్త్రమును వారు విద్యున్మార్గముగా వాడిరి. ఇట్టి వస్త్రము అలంకారార్థము భారతదేశమున కనీసము నూరేండ్లుగా నేయబడుచున్నదని వారే పేర్కొనిరి. ఈ ఒక్క మాటను ఆధారము చేసికొని మన జరీచీరయే విద్యుద్వస్త్రమునకు తల్లి యని చెప్పుట సులభము. నాందేడ్ వంటి నేతయూళ్ల తెలుగువారికి ఆ మాట ప్రీతికరమును. అది ఎంతవరకు నిలుచునో పరిశీలింపవలసియున్నది.

పోగు విషయమున ఆ మాట నిలుచును. అసలు జరీయందు వెండితీగను సన్నముగా సాగదీసి, చదునుచేసి, దారముపై మరచుట్టుగా చుట్టి, బంగారుపూత పూయుదురు. సూరత్ నగరము ఈ పనికి పేరొందినది. బరువును మోయునది లోని దారము. విద్యుత్తును మోయగలది పైని లోహము. లోహము తిన్నని కడ్డీవలెగాక చుట్లుచుట్లుగా నుండుటచే, దారము వంగినపుడు చుట్లు కొంచెము విచ్చుకొని మరల దగ్గరపడును. ఘనమైన రాగితీగ పలుమార్లు వంగినచో తెగును. ఈ భేదమును గ్రహించి అట్టి పోగును ఎన్నుకొనుట ఆ పరిశోధకుల ప్రజ్ఞ. అయితే నేడు అంగళ్లలో దొరకు జరీలో చాలభాగము లోహపుపూత గల పాలియెస్టర్ పొరతో చేయబడినది. దానిపై లక్కపూత వంటి రక్షణపూతయు నుండును. అట్టిదానిద్వారా విద్యుత్తు చక్కగా ప్రసరించునని నమ్మరాదు. కనుక జరీ యను పేరొక్కటియే ప్రమాణము కాజాలదు.

అతుకు విషయమున ఆ మాట నిలువదు. చీరయంచున జరీరేకు ఒకచోట చిట్లినను, లోని దారము తెగనంతవరకు చీర చీరయే. ఆ లోపము కంటికైన ఆనదు. విద్యుద్వస్త్రమున అదే చిట్లు మార్గభంగము. నేతగాని కంటికి నిలిచియున్న పోగు విద్యుత్తునకు తెగిన పోగు కావచ్చును. జరీచీర ఏనాడును ఈ పరీక్షకు నిలువలేదు. నిలువవలసిన అవసరమును దానికి లేకుండెను.

అతుకు పూర్తిగా విడిపోకున్నను హాని కలదు. 3 వోల్టుల బ్యాటరీతో వెలుగు ఒక దీపము 20 మిల్లీఆంపియర్ల ప్రవాహమును కోరుననుకొందము. మార్గమున 10 అతుకులుండి, ఒక్కొక్కటి 5 ఓముల నిరోధమును చూపినచో మొత్తము 50 ఓములగును. ఆ ప్రవాహమునకు 1 వోల్టు అతుకులలోనే వ్యయమగును. దీపము మసకబారును. గుండె సంకేతము ఇంకను సుకుమారము. చర్మముపై దాని పరిమాణము సుమారు 1 మిల్లీవోల్టు మాత్రమే. ఒడలు కదలినపుడెల్ల నిరోధము మారు అతుకు ఆ సంకేతములో తన అలజడిని కలుపును. వైద్యుడు చూచుచున్నది రోగి గుండెయో, చొక్కా అతుకో తెలియకపోవును. అతుకును గూర్చిన చర్చ వట్టి పనితనపు చర్చ కాదనుటకు ఈ ఒక్క ఉదాహరణము చాలును.

ఇక పత్రకర్తలు అతుకును ఎట్లు సాధించిరి? దర్జీలు టిచ్‌బటన్ అను నొక్కుబొత్తామును వారు ఆశ్రయించిరి. బొత్తాము పండ్లు పోగును గ్రుచ్చి పట్టుకొనుటచే స్పర్శ గట్టిగా నుండును. యంత్రభాగమును ఊడదీసి వస్త్రమును ఉతుకవచ్చును. ఇది మెచ్చదగిన యుక్తి. 2000లో ఐ.బి.ఎం. సిస్టమ్స్ జర్నల్‌లో సహచరులతో కలిసి ప్రకటించిన పత్రమున వారు బుట్టాపని వంటి యంత్రపు కుట్టుపనిని ముందునకు తెచ్చిరి. టంకముతో స్పర్శ చక్కగా నేర్పడినను, అట్టి అతుకు వంపులకు ఓర్వదు. కరగిన టంకము పోగుల నడుమ ప్రాకి కొంతదూరము వానిని బిరుసుపరచును. బిరుసుభాగము వంగదు, మెత్తనిభాగము వంగును, రెండింటి పొలిమేరయందే వంపంతయు చేరి పోగు తెగును. గట్టిపడు జిగురుతో అతికినను ఇదే గతి. అతుకు తెగుట అరుదు. అతుకు ప్రక్కన తెగుట మెండు. నొక్కుబొత్తామును గట్టివస్తువే గనుక అది స్పర్శ చిక్కును తీర్చినదే గాని పొలిమేర చిక్కును తీర్చలేదు.

మన నేతలో అతుకునకు ప్రత్యేకస్థానము కలదు. ఒక పడుగు ముగిసిన పిమ్మట దాని కొనలను అచ్చులోనే యుంచి, క్రొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వానికి మెలిపెట్టి చేర్చుదురు. దీనిని అచ్చు అతుకుట యందురు. పోగులు వేలసంఖ్యలో నుండును. లావైన ముడి అచ్చు సందులలో దూరదు. గావున లావు పెరుగకుండ, మెత్తదనము పోకుండ చేర్చుటయే ఇచటి నేర్పు. వ్యాకరణమందలి సంధివలె ఇది రెండింటిని తడబాటు లేక ఒకటిగా నడపును. అయితే ఈ పోలికను హద్దుమీరి సాగదీయరాదు. అచ్చును ఒక్కసారి దాటినంతనే ఆ అతుకు పని తీరును. విద్యుత్తు నందించు అతుకో, వస్త్రమున్నంతకాలము వంపును, ఉతుకును, చెమటను సహింపవలెను. మొదటిది దాటవలసిన అతుకు. రెండవది నిలువవలసిన అతుకు.

నిలువవలసిన అతుకునకు మాతృక మగ్గముపైగాక సూదిపనిలో కలదు. నాందేడ్ జిల్లాలోని కిన్వట్, మాహూర్ ప్రాంతములందును, ఎల్లకు ఆవల ఆదిలాబాదు సీమయందును నివసించు లంబాడీల స్త్రీలు రవికెలపై అద్దపుబిళ్లలను కుట్టుదురు. అద్దమునకు రంధ్రముండదు. బిళ్లపై అడ్డముగను నిలువుగను దారములు వేసి, ఆ దారములను పట్టుకొని చుట్టును కుట్టుచు పోదురు. గట్టిబిళ్ల దారపు చట్రములో ఒదిగిపోవును. లాగుడు ఒక్క కుట్టుపై పడక చుట్టునున్న కుట్లన్నిటికి పంచబడును. దర్జీ కోటుబొత్తాము క్రింద కొంచెము దారము వదలి, దానిచుట్టు మరల దారము చుట్టుటయందును ఇదే న్యాయము కలదు.

2007లో లియా బ్యూక్లీ రూపకల్పనతో అంగడికి వచ్చిన లిల్లీప్యాడ్ అను పలక ఈ న్యాయమును సగము పాటించినది. దాని అంచునగల పెద్ద రంధ్రములద్వారా విద్యుద్దారముతో దానిని వస్త్రమునకు కుట్టవచ్చును. ఆ కుట్టే పలకను నిలుపును. ఆ కుట్టే విద్యుత్తును అందించును. ఇది దాని సొగసు, దాని బలహీనతయు. కుట్టు సడలినచో స్పర్శయు సడలును. ఉక్కునారల దారమైనచో బిరుసుతనముచే ముడియే విడివడవచ్చును. అద్దపుకుట్టునుండి గ్రహింపదగిన సవరణ యిది: భారమును సామాన్యపు దారములు చుట్టును పంచుకొని మోయవలెను, విద్యుద్దారము చిన్న మలుపుతో వదులుగా వచ్చి చేరవలెను, స్పర్శస్థానమును చెమట తాకకుండ మెత్తని పూత కప్పవలెను. అతుకును కీళ్లున్నచోట గాక వంపు తక్కువైన చోట నుంచవలెను. ఇట్లు చేసిన అతుకును సైతము వంచుటకు, ఉతుకుటకు ముందును వెనుకను నిరోధమును కొలిచినగాని అంగీకరింపరాదు. ఉతుకు పద్ధతులకు ఐ.ఎస్.ఓ. 6330 అను ప్రమాణము కలదు.

నాందేడ్‌లో తెలుగు మాటాడు పద్మశాలి కుటుంబములు కలవు. నిజాం కాలపు ఉస్మాన్‌షాహీ మిల్లు మూతపడినది. 1981లో వెలసిన శ్రీ గురు గోబింద్ సింగ్‌జీ ఇంజనీరింగ్ సంస్థలో వస్త్రశాస్త్రము బోధింపబడుచున్నది. ఇంట పడుగు, పేక, అచ్చు, మెలి, బిగువు అను మాటలు విని పెరిగిన బిడ్డ, కళాశాలలో ఆ భావములనే పరభాషలో క్రొత్తగా నేర్చుకొనవలసివచ్చుచున్నది. తాను ఎరిగినదే తనకు బోధింపబడుచున్నదని ఆ బిడ్డకు తెలుపువారు లేకున్నచో, కొన్నేండ్లకు ఇంటిమాటయు పోవును. జరీచీరను విద్యుద్వస్త్రమునకు తల్లి యని పొగడుటవలన ఈ నష్టము తీరదు. పోగును జరీ యిచ్చినది. అతుకు పాఠమును లంబాడీ సూదియు దర్జీ బొత్తామును ఇచ్చుచున్నవి. వానిని కొలిచి నిగ్గుతేల్చు పని విద్యుచ్ఛాస్త్రమునది. ఈ పాలును పాలుగా గుర్తించి, పనివారల మాటలను పాఠ్యపుస్తకములలో చేర్చుట తెలుగు ఉపాధ్యాయులును ఇంజనీర్లును కలిసి చేయవలసిన కార్యము.