మిరుగు నుంచి మిరుగు దాకా

సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో రెండు మూడెకరాల చెలక ఉన్న ఇంటికి కొత్త సంవత్సరం జూన్ 7నో 8నో వస్తుంది. ఆ రోజు మృగశిర కార్తె ప్రవేశిస్తుంది. ఊరి మాటలో మిరుగు. చేపల కూర వండుకుంటారు. చేపలు తినని ఇంట్లో ఇంగువ, బెల్లం కలిపి తలా ఒక ఉండ నోట్లో వేసుకుంటారు. ఎండకు మాడిన ఒళ్లు ఒక్కసారిగా చల్లబడే వేళ కడుపులో వేడి పుట్టించాలని పెద్దల లెక్క. ఆ మర్నాటి నుంచి ఇంట్లో ఎవరు ఏ పని చేయాలో ఎవరూ ఎవరికీ చెప్పరు. కార్తే చెబుతుంది.

కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే కాలం. 27 నక్షత్రాలకు 27 కార్తెలు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. పండుగలు చంద్రుణ్ణి బట్టి వస్తాయి కాబట్టి ఏటా ముందుకీ వెనక్కీ జరుగుతుంటాయి. అధిక మాసం వస్తే ఏరువాక పున్నమి కూడా జరుగుతుంది. కార్తె జరగదు. రోహిణి మే 25 ప్రాంతంలోనే వస్తుంది, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలోనే వస్తుంది. అందుకే మన రైతు ఇంట్లో మొక్కులు చంద్రుడి లెక్కన, విత్తులు సూర్యుడి లెక్కన సాగాయి. దీన్ని మూఢనమ్మకాల కట్టలో వేసి పక్కన పెట్టినవాళ్లు ఈ తేడా గమనించినట్టు లేదు.

రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల మాట ఎలా ఉన్నా, ఆ పద్నాలుగు రోజుల్లో నడుములు మాత్రం పగులుతాయి. ఏడాది పొడుగునా పెరట్లో పోగేసిన పెంటకుప్పను తవ్వి బండి మీద చెలకకు తోలాలి. ఎండిన చెరువులో ఒండ్రు తవ్వి తోలాలి. 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పూడిక తీయించినప్పుడు ఆ మట్టి కోసం ట్రాక్టర్లు వరస కట్టాయి గానీ, చెరువు మన్ను విలువ ఊరికి కొత్తగా తెలిసిందేమీ కాదు. ఇక గొల్ల కురుమలతో మాట్లాడుకుని పొలంలో మంద ఆపించుకోవడం మరో పద్ధతి. రాత్రంతా గొర్లు అక్కడే పడుకుంటాయి, ఎరువు, మూత్రం రెండూ నేలలోనే ఇంకుతాయి, మోసే పని తప్పుతుంది. కాపరికి గింజలో డబ్బో ముట్టజెబుతారు.

ఈ లోగా ఇంట్లో అవ్వ విత్తనం దించుతుంది. ఈ పని ఆమెదే. కొడుకు పేరున పట్టా ఉండవచ్చు, మనవడి చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉండవచ్చు, విత్తనం గుమ్మి మూత తీసే హక్కు మాత్రం ఆమెది. వెదురు గుమ్మికి పేడ, ఎర్రమన్ను కలిపి అలికి, లోపల బూడిద, వేపాకు మధ్య గింజ దాస్తారు. కందులకు ఎర్రమన్ను పట్టించి ఎండబెట్టాకే లోపల పెడతారు. పురుగు గింజను తొలిచి లోపలికి పోకుండా ఆ మట్టి పొర అడ్డుకుంటుంది. దించిన గింజల్లో గుప్పెడు తడిగుడ్డలో మూట కట్టి మూడు రోజులు చూస్తారు. సగమే మొలిస్తే ఆ విత్తనం వంటింటికి పోతుంది, మంచిది పక్కింటి నుంచి వస్తుంది. విత్తనం అమ్ముకోవడాన్ని ఇప్పటికీ తప్పుగా చూసే ఇళ్లున్నాయి. సోలెడు ఇస్తారు, పంట వచ్చాక సోలెడుకు మరికొంత కలిపి తీసుకుంటారు.

విత్తే రోజు ఎడ్లు, గొర్రు, ఇద్దరో ముగ్గురో మనుషులు. గొర్రు పళ్లకు వెదురు గొట్టాలు, వాటన్నిటికీ పైన చెక్కతో చేసిన జడ్డిగం. దాని అడుగున గొట్టానికొక రంధ్రం. మగమనిషి ఎడ్లను తోలుతుంటాడు, ఆడమనిషి గొర్రు పక్కనే నడుస్తూ జడ్డిగంలో గింజ జారవిడుస్తుంది. చూడ్డానికి ఏముంది, గుప్పెట్లోంచి గింజలు వదలడమే కదా అనిపిస్తుంది. అసలు విద్యంతా ఆ గుప్పెట్లోనే ఉంది. చిటికెన వేలి వైపు పిడికిలి కాస్త సడలి ఉంటుంది. బొటనవేలు పైనుంచి నొక్కుతూ గింజను కిందికి పంపుతుంది. ఎడ్ల నడక పెరిగితే చేతి వేగం పెరగాలి, మలుపు దగ్గర చెయ్యి ఆగాలి. ఎకరానికి మూడు నాలుగు కిలోల జొన్న సరిపోవాలి. చెయ్యి వదులైతే విత్తనం సగం పొలానికే అయిపోతుంది, బిగిస్తే మధ్యలో సాళ్లు బోసిపోతాయి. కొర్ర, సామ, నువ్వు మరీ సన్నగింజలు. అవి జారే తీరు చేతికి అందదు. అందుకే జల్లించిన ఇసుకో పొడి ఎరువో కలిపి వదులుతారు. కొత్త కోడలికి మొదటి ఏడు జొన్న మాత్రమే ఇచ్చి, కొర్ర చేతికివ్వడానికి రెండో ఏడు దాకా ఆగే అత్తలున్నారు. ఆ ఒక్క విషయంలో అత్తల పక్షమే నేను.

ఆ ఎకరం చెలకలో ఒక్క పంట ఉండదు. జొన్న సాళ్లు ఏడెనిమిది పోయాక ఒక కంది సాలు. జొన్నలోనే కొంత పెసర, మినుము, బొబ్బర. ఒక పక్కన కొర్ర, సామ. గట్టు వెంట ఆముదం, పుంటికూర. పుంటికూర ఆకు కూరకు, కట్టె నారకు. ఇలా పన్నెండు, పదిహేను రకాలు ఒకే తుంటలో కనబడతాయి. బయటివాళ్లకు ఇది గందరగోళం, లోపల మాత్రం గట్టి లెక్క ఉంది. పెసర 65, 70 రోజులకు వస్తుంది. కొర్ర మూడు నెలల లోపు. జొన్న నాలుగు నెలలు. కంది ఐదారు నెలలు. అంటే ఇంటికి తిండి ఒక్కసారి రాదు, మెట్లు మెట్లుగా దిగుతుంది. శ్రావణ భాద్రపదాలు ఊళ్లో అందరికీ చేతిలో డబ్బు, గుమ్మిలో గింజ అడుగంటే నెలలు. సరిగ్గా అప్పుడే పెసర కాయ, ఆ వెనకే కొర్ర కంకి అందుతాయి.

వాన ఆడే ఆటకు కూడా ఇదే మందు. జులైలో వాన మొహం చాటేస్తే పైపైనే వేళ్లున్న కొర్ర దెబ్బతింటుంది, లోతుకు దిగిన కంది తట్టుకుంటుంది. గింజ పాలుపోసుకుని ముదిరే వేళ ముసురు పడితే జొన్న కంకికి బూజు పడుతుంది. అప్పటికి కంది ఇంకా పూతకు కూడా రాదు, దానికి ఆ తడి వరమే. కంది రాల్చే ఆకు, దాని వేరుబుడిపెలు పట్టిన నత్రజని వచ్చే ఏటి జొన్నకు పెట్టుబడి. పంట మొత్తం పోవడం ఈ చెలకలో కష్టం. మొత్తం బంగారంలా పండడమూ కష్టమే, అది కూడా చెప్పుకోవాలి. పత్తి వేసినవాడికి ధర కలిసొచ్చిన ఏడు చేతిలో పడే నోట్ల కట్ట ఈ ఇంటికి ఎన్నడూ రాదు.

ఆరుద్ర, పునర్వసు దాటాక గుంటక, దంతి, కొడవలి. కలుపు పని ఆడవాళ్లది. కలుపు అన్నమాటేగానీ అందులో సగం కూర. దొగ్గలి, తుమ్మి, చెంచలి, పొన్నగంటి, లేత తగిరంచ. ఎవరూ విత్తనివి, ఎవరూ నీళ్లు పోయనివి. పొద్దున కలుపు తీసిన కొంగులోంచే మధ్యాహ్నం కూర తయారవుతుంది. పురుగుమందు కొట్టిన చేనులో ఈ కూర తినలేం. కలుపు మందు కొట్టిన చేనులో అసలు దొరకనే దొరకదు. ఈ నష్టాన్ని ఏ దిగుబడి లెక్కలోనూ చూపరు. గునుగు కూడా కలుపే. గట్టు వెంట దాన్ని పీకకుండా వదిలేస్తారు, బతుకమ్మకు కావాలిగా.

మఖ, పుబ్బల్లో మంచె కడతారు. వడిసెల పట్టుకుని పిట్టలు తోలడం పిల్లల పని. దీన్ని తలుచుకుని మురిసిపోయే పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. ఆ పిల్లల్లో బడి మానేసిన ఆడపిల్లల మాట మాత్రం వాళ్ల కబుర్లలో వినపడదు. సెప్టెంబరు పదమూడు ప్రాంతంలో ఉత్తర కార్తె వస్తుంది. 'ఉత్తర చూసి ఎత్తర గంప' అని సామెత. ఉత్తరలోనూ వాన లేదంటే ఇక గంప నెత్తిన పెట్టుకుని ఊరు విడవమని. అది సరదాకు పుట్టిన మాట కాదు. నారాయణఖేడ్ వైపు నుంచి ఎన్నో కుటుంబాలు చెరకు నరకడానికి ఏటా ఇల్లు తాళం వేసి పోతాయి. కార్తెల లెక్క వానను కురిపించలేదు. ఎప్పటిదాకా ఎదురు చూడాలో, ఎప్పుడు ఆశ వదులుకోవాలో చెబుతుంది.

వాన పడిన ఏడు హస్త, చిత్తల్లో యాసంగి విత్తు. ఇది నల్లరేగడి పని. వానకాలమంతా దున్ని వదిలేసిన నేల తేమ దాచుకుని ఉంటుంది. తెల్లజొన్న, శనగ, కుసుమ, అవిసెలు, ధనియాలు ఆ తేమతోనే, చలికాలపు మంచుతోనే పండుతాయి. నీళ్లు పెట్టరు, పెట్టడానికి ఉండవు కూడా. అక్కడి ఆడవాళ్లు వీటిని సత్యం పంటలంటారు. చుట్టూ కుసుమ వేస్తారు. దాని ముళ్లకు పశువు లోపలికి మూతి పెట్టదు. కంచె కట్టిన ఖర్చు లేదు, పైగా నూనె గింజ.

పెసర, కొర్ర ఇంటికొచ్చాక మిగతా కోతలు కార్తీకం నుంచి మాఘం దాకా విడతలు విడతలుగా నడుస్తాయి. కోతకు ముందే ఒక పని ఉంది. అవ్వ చేనంతా తిరిగి, నిలువునా ఉన్న పైరులోంచే విత్తనపు కంకులు ఏరుతుంది. రాశిలోంచి ఎత్తిన గింజ చూస్తే అది ఎలాంటి మొక్కదో తెలియదు. చేనులో అయితే కంకి బరువు, కర్ర బలం, చుట్టూ ఎండిన మొక్కల మధ్య అది తట్టుకున్న తీరు అన్నీ కనబడతాయి. పరిశోధన కేంద్రాల్లో శాస్త్రవేత్తలు చేసే ఎంపికకూ దీనికీ పద్ధతిలో పోలిక ఉంది. తేడా ఏమిటంటే ఇక్కడ రుచి చూసేది, రొట్టె చేసేది, పశువుకు చొప్ప వేసేది, విత్తనం ఎంచేది అన్నీ ఒకే మనిషి. గింజ రాలే కంకిని, రొట్టె విరిగే జొన్నను ఆమె ఎంచదు.

కళ్లంలో ఎడ్లతో తొక్కించి చేటతో తూర్పారబట్టడం ఇప్పుడు తగ్గింది, యంత్రాలొచ్చాయి, మంచిదే. చొప్ప పశువుకు, పెసర పొట్టు పాడి గేదెకు, కంది కట్టె పొయ్యిలోకి, తడికలకు. సంక్రాంతి తర్వాత మెల్లగా పని చెలక నుంచి ఇంటికి మళ్లుతుంది. కందులు నానబెట్టి, ఎండబెట్టి, ఇసుర్రాయిలో పప్పు విసరడం. చింతపండు గింజ తీసి ఉప్పేసి కుండకెత్తడం. మామిడి ముదిరాక తొక్కులు. చెలకలో పని లేని నెలల్లో వంటింట్లో పని రెట్టింపు. ఈ ఏడాది చక్రంలో ఆడవాళ్లకు సెలవు కార్తె అంటూ ఏదీ లేదు. పద్ధతిని మెచ్చుకునేవాళ్లు ముందు దీన్ని ఒప్పుకోవాలి.

ఈ ప్రాంతంలో ఇదంతా ఇంకా మిగిలి ఉండడం వెనక ఒక కథ ఉంది. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఎక్కువగా దళిత మహిళలతో ఊరూరా సంఘాలు కట్టింది. వాళ్లు బీళ్లు సాగు చేశారు, ఊరి విత్తన బ్యాంకులు నడిపారు. 2008లో మాచునూరులో సంఘం రేడియో పెట్టుకుని విత్తనం మాట తామే చెప్పుకున్నారు. సంక్రాంతికి మొదలుపెట్టి ఎడ్లబండ్ల మీద గింజల కుండలతో ఊరూరా తిరిగే పాత పంటల జాతర వాళ్లదే. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వారికి వచ్చింది. ఆ సొసైటీని నిలబెట్టిన పి.వి. సతీశ్ 2023 మార్చిలో కన్నుమూశారు. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన ఏడు కూడా అదే.

ఆ సంవత్సరం తర్వాత నగరాల్లో కొర్రల ధర పెరిగింది, హోటళ్లలో సామల బిర్యానీ వచ్చింది. చెలకకు చేరింది తక్కువ. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు, కమతాల్లో 86 శాతం చిన్న సన్నకారు రైతులవే. ఇంత చిన్న కమతానికి సరిపోయేది మెట్లు మెట్లుగా తిండి పెట్టే కలగూర పంటే. బ్యాంకు అప్పుకు పోతే 'ఏం పంట, ఎన్నెకరాలు' అని ఒక్క గడి ఉన్న కాగితం ఇస్తారు. అందులో పదిహేను పంటలు ఎక్కడ రాయాలి? పత్తి అని రాస్తే పని అయిపోతుంది. రైతు అలా రాసి వచ్చి, రెండో ఏడు నిజంగానే పత్తి వేస్తాడు. విత్తనాలు పోవడానికి కరువు కంటే ఆ ఒక్క గడి ఎక్కువ కారణమని నా అభిప్రాయం. అప్పులోనూ, పంట నష్టం లెక్కలోనూ కలిపి వేసిన చేనును ఒక పంటగా గుర్తించాలి. అడగాల్సింది అంతే, పెద్ద పథకాలు కాదు.

మీ ఊళ్లో, మీ ఇంట్లో విత్తనం దాచే పెద్దమ్మో, అవ్వో ఇంకా ఉంటే వేసవిలోనే వెళ్లి కలవండి. కంది, బొబ్బర లాంటి పప్పు గింజలు రెండు మూడేళ్లు నేల చూడకపోతే మొలక శక్తి బాగా పడిపోతుంది. సోలెడు అడిగి తెచ్చుకుని, పెరట్లోనైనా ఒక సాలు వేసి, గింజ రాగానే ఆమెది ఆమెకు తిరిగి ఇవ్వండి. రోహిణి మే 25న వస్తుంది, ఆ తర్వాత ఆమెకు మీతో మాట్లాడే తీరిక ఉండదు.