గాజుపోగులో గుంపు

మే నెలలో వార్తల్లో పల్నాడులోని రెంటచింతల పేరు వినబడిందంటే ఎండలు ముదిరాయని లెక్క. ఇక్కడ పాదరసం 45 దాటి ఒక్కోసారి 47 దాకా ఎక్కుతుంది. తక్కిన పదకొండు నెలలు ఈ ఊరి ఊసెత్తనివాళ్లు కూడా ఆ నెలలో తలుచుకుంటారు. నాపరాతి నేల కదా, పొద్దున పదింటికే అరుగు మీద కాలు ఆనదు. ఇక్కడ కూర్చుని ఏ సంగతి రాయబోయినా తిరిగి తిరిగి వేడి దగ్గరికే వస్తుంది. కాంతి గురించి రాద్దామని కూర్చుంటే ఇప్పుడూ అంతే అయింది.

పల్నాడు ఊళ్లలో కరెంటు స్తంభాల మీదుగా ఇళ్లకు వచ్చే ఇంటర్నెట్ తీగలో ఉన్నది గాజుపోగు. మందం 125 మైక్రాన్లు, దాదాపు తలవెంట్రుకంత. వెలుగు నడిచేది అందులోనూ నడిమధ్య 9 మైక్రాన్ల మేర. అంత ఇరుకులో ఒకే దారి ఉంటుంది. పనివాళ్ల సంచిలో దీని ముక్క పసుపు రంగు తొడుగుతో కనిపిస్తుంది. దాని పక్కనే నారింజ రంగుది ఒకటి ఉంటే, అది పాతరకం మల్టీమోడ్ ఫైబర్. దాని నడిభాగం 50 లేదా 62.5 మైక్రాన్లు. ఆ వెడల్పులో వెలుగుకు వందకు పైగా దారులు దొరుకుతాయి.

తీగ ఎక్కడ తెగిందో పట్టుకోవడానికి పనివాళ్ల దగ్గర పెన్నులాంటి ఎర్ర లేజరు ఉంటుంది. దాన్ని నారింజ తీగ ఒక కొసకు తగిలించి రెండో కొస తెల్లగోడ వైపు తిప్పండి (కంటి వైపు మాత్రం వద్దు). గోడ మీద గుండ్రటి మచ్చ పడదు, ఎర్రటి నువ్వులు చల్లినట్టు చుక్కలు పడతాయి. తీగను వేలితో కాస్త కదిపితే చుక్కలన్నీ చోట్లు మారతాయి. వంద దారుల్లో వచ్చిన అలలు ఒకచోట కలిసి పెరుగుతాయి, ఇంకోచోట ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. పైగా అన్ని దారుల వెలుగూ ఒకే క్షణానికి కొస చేరదు. దూరం పెరిగేకొద్దీ సందేశం అలుక్కుపోతుంది. అందుకే దూరపు మాటలకు పసుపు తీగ స్థిరపడింది. నారింజ తీగది గుంపు, గోల అన్న పేరు మిగిలిపోయింది.

ఆ పేరు సగమే నిజం. మామూలు వెలుగు గాజును తాకనట్టే వెళ్లిపోతుంది. కిలోవాట్ల బలమున్న, రెప్పపాటులో కోటి వంతైనా నిలవని మెరుపును పంపితే కథ మారుతుంది. వెలుగు బలంగా ఉన్నచోట గాజు వక్రీభవన గుణకం, అంటే వెలుగును వంచే గుణం, రవ్వంత పెరుగుతుంది. 1875లో జాన్ కెర్ కనిపెట్టిన ప్రభావానికి ఇది దగ్గరి చుట్టం, పేరు కూడా ఆయనదే. బండ్లు తిరిగేకొద్దీ బాట లోతుపడి, వెనకొచ్చే చక్రం అందులోకే జారినట్టు అనుకోవచ్చు. కాకపోతే ఈ గాడి వెలుగు దాటిన వెంటనే పూడిపోతుంది. నడిచేవాడే బాటను మారుస్తున్నాడు కాబట్టి రెట్టింపు వెలుగుకు రెట్టింపు ఫలితం అన్న లెక్క ఇక పనిచేయదు. నాన్‌లీనియర్ అనే మాటకు అర్థం ఇదే.

నారింజ తీగలో గాజు గుణకం నడుమ ఎక్కువగా, అంచుకు పోయేకొద్దీ తక్కువగా ఉండేలా చేస్తారు. దాంతో వెలుగు దాదాపు ప్రతి అర మిల్లీమీటరుకూ కూడుకుంటూ, విచ్చుకుంటూ పోతుంది. కూడుకున్న ప్రతిచోటా ఒక గాడి. అలా వరసగా పడే గాడుల మీదుగా ఒక దారి వెలుగు మరో దారిలోకి మారుతుంది. ఫ్రాన్సులోని లిమోజ్ పరిశోధకులు 2017లో చూపించినది ఇదే: బలం తక్కువగా ఉన్నప్పుడు నువ్వులు చల్లినట్టున్న మచ్చ, బలం పెంచేకొద్దీ నడుమ ఒక్క నిండుచుక్కగా తేరుకుంది. వడపోసి పారేసింది ఏమీ లేదు. వెలుగే దారులు పంచుకుంది, నడిదారికి పెద్దవాటా దక్కింది. గది నిండా అణువులు తమలో తాము ఢీకొని ఒక ఉష్ణోగ్రతకు వచ్చినట్టే ఇదీ అని ఆ తర్వాత సిద్ధాంతం కట్టారు. ఆ వెలుగుకు ఒక ‘ఉష్ణోగ్రత’ కూడా లెక్కగడతారు. చల్లబడితే నడిదారిలో చేరుతుంది, వేడెక్కితే చెదురుతుంది. చేత్తో పట్టుకుంటే కాలే వేడి కాదిది. అయినా రెంటచింతల మనిషికి ఆ పోలిక ఇట్టే అందుతుంది.

ఈ వెలుగు చదువుకు మన దగ్గర పాత వంశమే ఉంది. సి.వి.రామన్ చిన్ననాటి చదువు విశాఖపట్నంలో సాగింది. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్ ప్రభావం బయటపడింది. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతం ఆయన దగ్గర శిష్యరికం చేసి, 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. కాంతి పరిక్షేపణం, రామన్ ప్రభావాల మీద ఆయన రాసిన పుస్తకం 1940లో వాల్తేరు నుంచే వెలువడింది. ఆ తరం పనిముట్లు పాదరసపు దీపం, వర్ణపటదర్శిని, ఫొటో పలక. ఏ కోటి కాంతికణాల్లోనో ఒకటి రంగు మార్చుకుంటుంది. దాని జాడ పలక మీద పడేదాకా గంటల తరబడి కాచుకోవాలి. అంత ఓపికను ఇప్పుడు పరికరాల మీదికి నెట్టేశాం, వాళ్ల కన్ను మాత్రం మనకు రాలేదనిపిస్తుంది.

గాజుపోగులో రంగు మారిన ఆ బలహీనమైన రామన్ వెలుగు కిలోమీటర్ల పొడవునా పోగుపడుతుంది. అణువుకు కొంత శక్తి ఇచ్చి ఎరుపు వైపు జరిగే వెలుగు ఒకటి, అణువు కదలిక నుంచి శక్తి తీసుకుని నీలం వైపు జరిగేది మరొకటి. రెండోది పుట్టాలంటే అణువు ముందే కదులుతూ ఉండాలి, అంటే వేడి ఉండాలి. గాజు వేడి 27 డిగ్రీల నుంచి 47కు వెళితే మొదటిదానితో పోల్చినప్పుడు రెండోదాని నిష్పత్తి సుమారు 14 శాతం పెరుగుతుంది. ఆ నిష్పత్తిని బట్టి వేడి, వెనక్కి తిరిగొచ్చే వెలుగు వేళను బట్టి చోటు తెలుస్తాయి. మీటరు పోయి రావడానికి దాదాపు 10 నానోసెకన్లు. 1980ల నడుమ ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిని భూమిలోని కరెంటు కేబుళ్లకూ, సొరంగాలకూ, బొగ్గు మోసే బెల్టులకూ వాడుతున్నారు. అక్కడ ఎక్కువగా ఎంచుకునేది మల్టీమోడ్ తీగనే. వెడల్పు ఎక్కువ కాబట్టి ఎక్కువ వెలుగు పంపినా తట్టుకుంటుంది. హద్దు దాటిందా, రామన్ వెలుగు తనను తానే పెంచుకోవడం మొదలుపెడుతుంది, థర్మామీటరు అబద్ధం చెబుతుంది. లేజరు చేసేవాడు కోరి తెచ్చుకునే ఆ పెరుగుదలే వేడి కొలిచేవాడికి తెగులు.

నీడన పెట్టిన పెట్టెలోని థర్మామీటరు ఊరంతటికీ ఒక్క అంకె చెబుతుంది. ఒక కిలోమీటరు నారింజ తీగను వీధి పొడవునా పరిస్తే, చింతనీడన ఎంతో, నాపరాతి అరుగు మీద ఎంతో, కాలవగట్టున ఎంతో, మీటరు మీటరుకీ ఆ గాజే చెబుతుంది.