ఈ చెట్టు పోయిన ఎండాకాలం యాడున్నది?

సంక్రాంతికి అటూ ఇటూగా మా కొత్తకోట గల్లీల్లోకి గులాబీల ట్రాలీ ఆటో వస్తుంది. రికార్డు చేసిన గొంతు మైకులో మోగుతుంటుంది. వెనక నల్ల కవర్లలో వరుసగా మొక్కలు, ఒక్కోదానికి గుప్పెడంత పువ్వు. చేతిలో పని వదిలేసి అందరూ గేటు దగ్గరికి వస్తారు. బేరమంతా పువ్వును చూసే నడుస్తుంది. పువ్వు పెద్దదైతే అమ్మేవాడు ధర గట్టిగా చెబుతాడు, కొనేవాళ్లు మెత్తగా అడుగుతారు. కవర్లో ఏముందని అడిగినవాళ్లు నాకు తగల్లేదు.

కవర్లో ఉండేది మట్టిముద్ద. ఒకసారి చించి చూడండి. నల్లటి జిగటమట్టి, పిడికిట్లో పెట్టి అదిమినట్టు, వేళ్ల చుట్టూ బిగిసి ఉంటుంది. తూర్పు గోదావరిలో కడియం, కడియపులంక వైపు నర్సరీల నుంచి దూరాలకు పోయే మొక్కలకు వేళ్లకు ఇలాంటి మట్టి పట్టించి కడతారు. అందులో మోసమేమీ లేదు. లారీలో ఐదొందల కిలోమీటర్లకు పైగా ఊగుతూ వచ్చే మొక్కకు మట్టి రాలకూడదు, వేరు ఎండకూడదు. దానికి జిగటమట్టే పనికొస్తుంది. గోదావరి కాలువ నీళ్లు పారే చోట అది చల్లగా పెరిగింది కూడా. చిక్కంతా మన దగ్గర దిగాకే.

మనది ఎర్ర చెల్క. నీళ్లు పోసీ పోయగానే కిందికి దిగిపోతాయి. మధ్యలో ఉన్న ముద్ద మాత్రం ఒకసారి ఎండిందంటే ఇటుకే. చుట్టూ తడి, లోపల పొడి. వానాకాలం వస్తే ఇది తిరగబడుతుంది: చుట్టూ ఆరిపోయినా ముద్దలో నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. ఏ కాలంలోనూ వేరు ముద్ద దాటి చెల్కలోకి రాదు. తెచ్చినప్పుడున్న మొగ్గలన్నీ విచ్చుకుంటాయి, ఇంట్లోవాళ్లు సంబరపడతారు. ఉగాది దాటాక ఆకు రాలుతుంది. రోహిణి కార్తె నాటికి కట్టెపుల్ల మిగులుతుంది. "మాకు గులాబీ అచ్చిరాదు" అనుకుని కుండీలో తులసి పెట్టుకుంటారు. మళ్లీ సంక్రాంతికి అదే ఆటో.

ఎలాగూ కొనేశారా, బకెట్ నీళ్లలో ముద్దను గంటసేపు నానబెట్టండి. వేళ్లు తెగకుండా మట్టిని మెల్లగా కరగనివ్వండి. చెల్కమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపిన కుండీలో పెట్టి కొన్నాళ్లు నీడన ఉంచండి. మొగ్గలన్నీ తుంచేయండి. ఈ చివరి మాట మాత్రం ఎవరూ వినరు. తుంచేదానికా వంద రూపాయలు పోసింది అంటారు.

గులాబీ అంటే నిజానికి రెండు మొక్కలు. కింద వేరు ఒకటిది, పైన పువ్వు ఇంకొకటిది. కింది మొక్క కాండానికి టీ అక్షరంలా గాటు పెట్టి, పై రకం కన్నును అందులో కూర్చోబెట్టి పట్టీ చుడతారు. గద్వాల చీర చేతికిస్తే తెలిసినవాళ్ల వేళ్లు ముందు నూలు ఒంటికి పట్టు అంచు కలిసే చోటికి పోతాయి, రంగు తర్వాత. మొక్కనూ అలాగే చూడాలి. అంటు దగ్గర ముడి నిండుగా ఉండాలి, చీలిక ఉండకూడదు, వేలితో కదిపితే కదలకూడదు. పట్టీ ఇంకా చుట్టే ఉందంటే నిన్నగాక మొన్న కట్టిన అంటు అని. ముడి కింద నుంచి నిటారుగా కొమ్మ లేస్తుంటే అది వేరుమొక్క పిల్ల. ఆకులు చిన్నవిగా, ఈనెకు ఐదు బదులు తరచుగా ఏడు ఉంటాయి. దాన్ని తీసేయకపోతే పై రకాన్ని మింగేస్తుంది. "ఎర్ర గులాబీ తెస్తే తెల్లగా పూస్తున్నది" అని ఆశ్చర్యపోయే ఇళ్లలో జరిగింది సాధారణంగా ఇదే.

ఇక ఆ వేరుమొక్క ఏ జాతిదన్నది ఎవరూ చెప్పరు. నాకు మాత్రం పువ్వు పేరు కన్నా అదే ముఖ్యం. మన దేశంలో ఎక్కువగా వాడేవాటిలో రోజా ఇండికా ఒడొరాటా, రోజా మల్టీఫ్లోరా ఉన్నాయి. మల్టీఫ్లోరాకు కాస్త పుల్లటి నేల పడుతుంది. సున్నం, ఉప్పు ఎక్కువైతే ఆకు పసుపెక్కిపోతుంది. ఒడొరాటా ఆ విషయంలో కొంచెం మొండిది. మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే కదా, కుండీ అంచుకు తెల్లటి పొర కడుతుంది. ఈనెలు పచ్చగానే ఉండి మధ్యలో ఆకు పాలిపోతే వేరు ఇనుమును తీసుకోలేకపోతున్నదని అర్థం. దానికి చాలామంది యూరియా వేస్తారు. రోగం ఒకటి, మందు ఇంకొకటి. వాననీళ్లో, మిషన్ భగీరథ నల్లా నీళ్లో పోస్తే అంతకంటే మేలు.

ఆ వేరు మీద కట్టే పూల రకాలూ మనవి కావు. 'పీస్' గులాబీని ఫ్రాన్స్‌లో మెయాన్ కుటుంబం పుట్టించింది, 1945లో అమెరికాలో దానికి ఆ పేరు పెట్టారు. ఇలాంటి పేరున్న రకాలు చాలావరకు చలిదేశాల తోటల్లో ఎంపికైనవే. ఈ మాటను పట్టుకుని బతుకంతా పనిచేసినవాళ్లలో ఎం.ఎస్. వీరరాఘవన్ ఒకరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారి. హైదరాబాద్ ఎండలో గులాబీలు పెంచుతూనే కొత్తరకాలు కట్టడం మొదలుపెట్టి, సర్వీసు నుంచి ముందే తప్పుకుని భార్య గిరిజతో కలిసి కొడైకెనాల్ చేరారు. వేడిని తట్టుకునే గులాబీ కావాలంటే వేడిదేశపు అడవి గులాబీ రక్తం కలపాలన్నది వాళ్ల వాదన. అందుకోసం నీటి పట్టున, వాగు ఒడ్డున బతికే రోజా క్లైనోఫిల్లాను, మణిపూర్ కొండల్లో చెట్లకెక్కి పాకే రోజా జైగాంటియాను వాడారు. వృక్షశాస్త్రవేత్త జానకి అమ్మాళ్ పేరు పెట్టిన గులాబీ వాళ్లదే. ట్రాలీ ఆటో మైకులో ఆ పేర్లు వినబడవు. అక్కడ వినబడేవి 'బెంగళూరు రోజా', 'డచ్ రోజ్'. పాలీహౌస్‌లో పెరిగినదాన్ని తెచ్చి మన వాకిట్లో పెడితే ఎన్నాళ్లుంటుంది?

పాతకాలపు నాటు గులాబీకి ఈ గొడవే లేదు. వేరు, పువ్వు ఒక్క మొక్కవే. లేత గులాబీ రంగు, రేకులు వదులు, రెండోనాటికి రాలిపోతుంది, వాసన మాత్రం గల్లీ మలుపు దాకా వస్తుంది. పుస్తకాల్లో ఎడ్వర్డ్ రోజ్ అనేది కూడా ఈ తీరుదే. హిందూ మహాసముద్రంలో ఒకప్పుడు బూర్బన్ అని పిలిచిన రీయూనియన్ దీవి పేరుతో ముడిపడిన జాతి అది. నాటు గులాబీ కొనాలంటే దుకాణం అక్కర్లేదు. మృగశిర దాటి నాలుగు వానలు పడ్డాక, ఉన్నవాళ్లింటికి పోయి పెన్సిలంత లావు కొమ్మ అడగడమే. కొత్తగా గులాబీ పెట్టుకునేవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే. వాళ్లకు కావలసింది మాత్రం ఎర్రటి పెద్ద పువ్వు.

సరే, పెద్ద పువ్వే కావాలి. హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డు పీపుల్స్ ప్లాజాలో నర్సరీ మేళా పెడతారు, రకాలకు కొదవుండదు, చూసి రావడానికి మంచిది. నేను కొనడం మాత్రం ఇక్కడే, హైవే పక్కన షేడ్‌నెట్ కింద చిన్న నర్సరీ నడిపే ఒకామె దగ్గర. గులాబీల్లో నాలుగైదు రకాలకు మించి ఉంచదు. పోయేది కూడా వానాకాలం నడిమిట్ల, పువ్వులు పెద్దగా లేనప్పుడు.

"అక్కా, ఈ చెట్టు పోయిన ఎండాకాలం యాడున్నది?"

"ఈడనే సారూ, గా మూలకు. దీని జతవి రెండు సచ్చినయ్. ఇది నిలవడ్డది."

ఆ సచ్చిన రెండింటి మాట దాచకుండా చెప్పింది చూడండి, అక్కడే నేను జేబులో చెయ్యి పెట్టాను. కుండీ కింద రంధ్రంలోంచి తెల్లటి వేరు కొస బయటికి వచ్చి ఉంది. కాండం మీద పాత కత్తిరింపు మచ్చలు, వాటి పక్కన కొత్త ఎర్ర చిగుర్లు. పువ్వు ఒక్కటీ లేదు. ట్రాలీ ధరకు రెట్టింపు అడిగింది. ఒక ఎండాకాలమంతా నీళ్లు మోసిన కూలి అందులో ఉంది, బేరం ఆడలేదు.

వేరు ఏ జాతిదన్నది మాత్రం ఆమెకూ తెలియదు. అంటుమొక్కలు వేరేచోట కొని తెచ్చి పెంచుతుంది, వాళ్లు చెప్పరు. పెద్దమందడి మండలం మోజెర్లలో కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం వారి కాలేజీ ఉంది, మనకు పక్కనే. మన బోరు నీళ్లే పోసి, మన చెల్కలోనే పెట్టి, ఏ వేరు రెండు మూడు ఎండాకాలాలు తట్టుకుంటుందో చూసి చెప్పడం అక్కడి విద్యార్థులకు మంచి ప్రాజెక్టే అవుతుంది. నిలిచిన వేరు మీద కట్టిన అంట్లు ఏటా కొన్ని వందలు ఇలాంటి చిన్న నర్సరీలకు ఇస్తే ఇంకా మంచిది. ఒక్కోదానికి చీటీ కట్టి, పువ్వు పేరు కింద వేరు పేరు కూడా రాయాలి, తెలుగులో.