సోడియం ఘటమూ, పెద్ద అయాను కథా

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ వరకు పోటీ పరీక్షలకు తర్ఫీదునిచ్చే తరగతులకు కొదవ లేదు. అక్కడ గాని, ఉన్నత పాఠశాలలలో గాని, లిథియం ఘటంలో ఋణధ్రువంగా పనికివచ్చే గ్రాఫైటు సోడియం ఘటంలో ఎందుకు పనికిరాదని అడిగితే, సోడియం అయాను పెద్దది, పొరల నడుమ పట్టదు అన్న సమాధానం ఠక్కున వస్తుంది. వినడానికి బాగానే ఉన్నది. లిథియం అయాను వ్యాసార్ధం 0.76 ఆంగ్‌స్ట్రాములు, సోడియంది 1.02. మరి పొటాసియంది 1.38! అంతటిదీ గ్రాఫైటులో చొరబడి, ఎనిమిది కర్బన పరమాణువులకు ఒకటి చొప్పున కుదురుకొంటున్నది. గుమ్మంలో అన్న పట్టగా తమ్ముడు పట్టలేదనడం ఏపాటి తర్కం? అసలు కారణం శక్తికి సంబంధించినది. లోహస్థితిని విడిచి కర్బనంతో చేరినందువల్ల కలిగే శక్తిలాభం క్షారలోహాలలో సోడియానికే బహు స్వల్పం. పరిమాణం ఒక్కటే చూపి ఊరుకొనే పాఠం, పొటాసియం మాటెత్తిన తెలివైన విద్యార్థి నోరు మూయిస్తుంది.

గ్రాఫైటు కుదరకపోయినా కర్బనం చేయి విడువలేదు. 2000లో స్టీవెన్స్, డాన్ అనే శాస్త్రజ్ఞులు గ్లూకోజును గాలి తగలకుండా కాల్చి చేసిన క్రమరహిత కర్బనం, గ్రాముకు సుమారు 300 మిల్లీ ఆంపియర్-గంటల విద్యుత్తును నిలువ చేసింది. తగరం ఇంకా ఆశపెడుతుంది; దాని లెక్క 847. కాని పూర్తిగా సోడియం తాగిన తగరం ఐదింతలకు ఉబ్బి, బీటలువారి, పొడి అయిపోతుంది. అందుచేత దాన్ని సూక్ష్మరేణువులుగా కర్బనంలో పొదుగుతారు. ఈ సంయుక్త పదార్థంలో కర్బనం ఉబ్బుకు చోటిస్తుంది, విద్యుత్తునూ మోస్తుంది. ఎల్.బి.నగర్‌కు అంత దూరం కాని బాలాపూర్‌లోని ఏ.ఆర్.సి.ఐ. పరిశోధన కేంద్రంలో లిథియం ఐరన్ ఫాస్ఫేటు ధనధ్రువానికి కర్బనపు పూత వేయడం కూడా ఈ జాతి ఉపాయమే.

మెచ్చవలసిన పనే. అయితే వేయి ఆవృత్తులు మన్నిందన్న ప్రకటనను కళ్ళు మూసుకొని నమ్మరాదు. ప్రయోగశాలలో తరచు ఎదుటి ధ్రువంగా సోడియం లోహపు ముక్కనే పెడతారు. ఖర్చయిన సోడియమంతా అందులోనుంచి భర్తీ అవుతూ ఉంటుంది గనుక నష్టం కంటికి కనపడదు. అసలు ఘటంలో అటువంటి ధర్మసత్రం లేదు. ఆవృత్తికి 0.1 శాతం చొప్పున సోడియం చిక్కుపడిపోతే, వేయి ఆవృత్తులకు మిగిలేది 37 శాతమే, 0.01 శాతమే పోతే 90 శాతం మిగులుతుంది. తేడా చూడండి! తూకం సంగతీ ఇంతే. తగరాన్ని మాత్రమే తూచి చెప్పిన అంకె, కర్బనాన్నీ జిగురునూ కలిపి తూస్తే ఎంతకు దిగుతుందో ఆ ప్రకటనలోనే ఉండవలె.